పాలు పడని కడుపుకు కూడా మన ఇంట తీపి ఉన్నది

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాల సంఘాల సభ్యుల సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘాలకు వచ్చినప్పుడల్లా దాణా గురించో, పొదుగువాపు గురించో, క్యాన్ల శుభ్రత గురించో మాట్లాడడం మీకు అలవాటే. ఈసారి మాత్రం వంటింటి మాట ఒకటి చెప్పదలచుకున్నాము. పండ్ల ముక్కలను కరిగించిన చాక్లెట్లో ముంచి చేసుకునే తేలికపాటి తీపి గురించి. పాల సంఘానికి, చాక్లెట్‌కు ఏమి సంబంధమని కొందరు నవ్వవచ్చు. సంబంధం ఉన్నది. దయచేసి చివరిదాకా వినండి.

సూర్యాపేట వైపు ఒక సంఘంలో సమావేశం ముగిసిన తరువాత ఒక అక్క మమ్మల్ని పక్కకు పిలిచింది. "సార్, మా ఇంట్ల నాలుగు బర్రెలున్నయి. పూటకు పది లీటర్లు పోస్తం. కాని మా చిన్నోడు గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బుతది, గంటలో బయటికి ఉరుకుతడు. బయట చెప్పుకోవాలంటే సిగ్గయితున్నది" అన్నది. కోదాడ దగ్గర ఇంకో ఊళ్ళో పుట్టినరోజునాడు పిల్లలందరికీ పాలకోవా, చాక్లెట్లు పంచుతుంటే ఒక పిల్లను మాత్రం "నీకు వద్దు" అని తల్లి వెనక్కి లాగడం మేము కళ్ళారా చూశాము. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ మా కళ్ళ ముందే ఉన్నది. మిర్యాలగూడ ప్రాంతంలో ఒక అవ్వ సంగతి వేరు. తనకు పాలు పడకపోవడానికి పక్కింటి వాళ్ళు పాలలో ఏదో కలపడమే కారణమని ఆమె గట్టిగా నమ్మింది. దానితో రెండు ఇళ్ళ మధ్య మాటలు నిలిచిపోయినవి.

సిగ్గు, వెలి, అనుమానం. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. పాలు అందరికీ పడతాయని మనం అనుకోవడమే. పాలు అమ్ముకొని బతికే మనమే ముందుగా ఈ సత్యం చెప్పాలని మా అభిప్రాయం. పాలు పడనివారు ఉంటారు. అది తప్పు కాదు, పాల దోషమూ కాదు.

పాల విప్లవానికి పితామహుడని మనమందరం గౌరవించే డాక్టర్ వర్గీస్ కురియన్ గారు (1921–2012) తనకు పాలు ఇష్టం లేదని, తాను తాగనని బాహాటంగానే చెప్పేవారు. ఆయనది ఇష్టాయిష్టాల సంగతి, మనం చెప్పుకునేది జీర్ణశక్తి సంగతి. అయినా అంతటి మనిషి సిగ్గుపడని చోట మన ఇంటి పిల్లవాడు సిగ్గుపడనక్కరలేదు.

పాలు ఎందుకు పడవు?

మీరు కేంద్రంలో పాలు పోసినప్పుడు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి ధర కడతారు గదా. ఆ ఎస్.ఎన్.ఎఫ్.లో దాదాపు సగం పాల చక్కెరే. దానినే లాక్టోజ్ అంటారు. గేదె పాలైనా ఆవు పాలైనా నూటికి ఇంచుమించు 5 పాళ్ళు ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 10 గ్రాములన్న మాట.

ఈ చక్కెరను విరగగొట్టి ఒంటికి పట్టించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఒక జీర్ణరసం ఉంటుంది. తల్లిపాలు తాగే వయసులో అది నిండుగా ఉంటుంది. తరువాత చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. మన దక్షిణాదిలో ఇట్లా తగ్గేవారు ఎక్కువే. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. దోసెపిండి పులిసి పొంగినట్లే అక్కడ గాలి పుడుతుంది. ఆ చక్కెర నీటిని కూడా లాగుతుంది. అందువల్లనే ఉబ్బరం, గుడగుడ, నీళ్ళ విరేచనాలు. విరేచనాల జబ్బు వచ్చి తగ్గిన పిల్లలలో కొన్నాళ్ళపాటు ఈ ఇబ్బంది ఉండి, పేగు బాగుపడగానే దానంతట అదే పోవడం కూడా ఉన్నది.

పాలు బొత్తిగా మానాలా అంటే, చాలామందికి ఆ అవసరం లేదు. ఒక విడతకు 12 గ్రాముల దాకా లాక్టోజ్‌ను ఇట్లాంటివారిలో ఎక్కువమంది పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ జరిపిన నిపుణుల సమావేశం తేల్చింది. అన్నంతోపాటు కొద్దికొద్దిగా తీసుకుంటే ఇంకా మేలు. అయితే అందరి కడుపులూ ఒక్కటి కావు. ఎవరి హద్దు వారు కొంచెం కొంచెంగా తెలుసుకోవలసిందే.

పెరుగు, నెయ్యి మన అండ

మన పెద్దలు పాలు పడనివారికి పెరుగు పెట్టడం ఊరికే కాదు. పాలు తోడుకునేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో పావు వంతు నుండి మూడో వంతు వరకు తినివేస్తాయి. మిగిలినది అరగడానికి కూడా అవే పేగులో సాయపడతాయి. పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీస్తే కారే తేటతోపాటు మరికొంత చక్కెర పోతుంది. నెయ్యిలోనైతే లాక్టోజ్ దాదాపు లేనట్లే. మిర్యాలగూడ అవ్వకు మేము ఇదే చెప్పినాము. "అవ్వా, నువ్వు రోజూ తినే పెరుగు ఆ ఇంటి పాలదే గదా! కల్తీ అయితే పెరుగు కూడా పడకపోవాలె" అన్నాము. అవ్వ కొంతసేపు ఆలోచించి నవ్వింది. కల్తీ ఉన్నదీ లేనిదీ తేల్చవలసింది కేంద్రంలోని పరీక్ష. కడుపును బట్టి పక్కింటివాళ్ళను అనుమానించడం న్యాయం కాదు.

ఏ చాక్లెట్ కొనాలి?

చాక్లెట్ మనకు దూరపు వస్తువేమీ కాదు. కోదాడ దాటి విజయవాడ మీదుగా ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు వెళితే కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో కోకో చెట్లు అంతరపంటగా కనిపిస్తాయి. ఆ కోకో గింజలనుండే చాక్లెట్ తయారవుతుంది. సహకార రంగానికి కూడా ఇది కొత్త కాదు. గుజరాత్‌లో అమూల్ వారు 1970ల నుండే చాక్లెట్ చేస్తున్నారు. కర్ణాటకలో వక్క, కోకో రైతుల సహకార సంఘం క్యాంప్కో 1973లో ఏర్పడి, 1986లో పుత్తూరులో చాక్లెట్ కర్మాగారం పెట్టింది. పాల రైతు, కోకో రైతు ఇద్దరూ మనలాంటివారే.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. మెత్తగా, లేత గోధుమరంగులో ఉండే మామూలు మిల్క్ చాక్లెట్లో పాలపొడి, దానితోపాటు లాక్టోజ్ ఉంటాయి. మనకు కావలసినది ముదురు రంగులో, కొంచెం చేదుగా ఉండే డార్క్ చాక్లెట్. అట్ట వెనుక కలిపిన దినుసులు రాసి ఉంటాయి. ఏది ఎక్కువ ఉంటే దానిని ముందు రాస్తారు. అందులో పాలపొడి, పాల ఘనపదార్థాలు, వే పౌడర్ అని ఉంటే పక్కన పెట్టండి. మొదటిసారి మేము చేసిన తప్పు ఇదే. రంగు నల్లగా ఉన్నదని నమ్మి, బేకరీ సామానుల దుకాణంలో ఒక అచ్చు కొన్నాము. ఇంటికి తెచ్చి చదివితే అందులో పాలపొడి ఉన్నది. రంగు చూసి కాదు, రాత చూసి కొనాలని అప్పటినుండి నేర్చుకున్నాము.

ఇంకొక మాట. షుగర్ లేనిదని అమ్మే చాక్లెట్లలో కొన్నింటిలో మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి కలుపుతారు. అవి ఎక్కువైతే గాలి, విరేచనాలు వస్తాయి. పేగు నాజూకుగా ఉన్నవారికి అవి సరిపోవు.

ఏ పండు తేలిక?

పాలు ఒక్కటే కాదు, కొన్ని పండ్లలోని చక్కెరలు కూడా కొందరి పేగులలో ఇట్లాగే పులుస్తాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గత ఇరవై ఏళ్ళుగా ఏ పండులో అటువంటి చక్కెర ఎంత ఉన్నదో కొలుస్తూ వస్తున్నారు. వారి లెక్కను బట్టి ఆపిల్, మామిడి, పుచ్చకాయ, ఖర్జూరం నాజూకు కడుపులకు బరువు. కమలా జాతి పండ్లు, బొప్పాయి, అనాస మితంగా తింటే తేలిక. అరటిపండులో తిరకాసు ఉన్నది. అప్పుడే పండి, ఇంకా గట్టిగా ఉన్నది మేలు. తొక్క మీద నల్లమచ్చలు వచ్చి మెత్తబడినది ఇటువంటి వారికి అంతగా పడదు.

మన నల్లగొండ ప్రాంతపు బత్తాయి ఈ పనికి చక్కగా సరిపోతుంది. తియ్యటి బత్తాయి, చేదు చాక్లెట్ కలిస్తే ఆ రుచే వేరు.

తయారు చేసే విధానం

కావలసినవి: డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, నెయ్యి ఒక చెంచా, బత్తాయిలు రెండు, గట్టి అరటిపండ్లు రెండు, బొప్పాయి ముక్కలు ఒక గిన్నెడు. ముక్కను సగం వరకే ముంచితే ఒక్కొక్కదానికి 5 గ్రాముల చాక్లెట్ పడుతుంది. ఈ లెక్కన సుమారు 40 ముక్కలు వస్తాయి.

మొదట పండ్ల పని. బత్తాయి తొక్క తీసి, తొనలు పొర చిట్లకుండా విడదీయాలి. పైనున్న తెల్ల నారను తీసివేయాలి. పొర చిట్లిన తొన రసం కారుతుంది, దానికి చాక్లెట్ పట్టదు. అరటిపండును అర అంగుళం మందంతో చక్రాలుగా కోయాలి. బొప్పాయిని వేలంత ముక్కలు చేయాలి. అన్నింటినీ శుభ్రమైన పొడి గుడ్డ మీద పరచి, పైన అద్ది, తడి పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. ఈ పనిలో సగం విజయం ఈ ఆరబెట్టడంలోనే ఉన్నది.

తరువాత చాక్లెట్. దానిని సన్నగా తరగాలి. ఒక గిన్నెలో రెండంగుళాల నీళ్ళు పోసి వేడిచేయాలి. ఆవిరి రాగానే పొయ్యి సన్నం చేసి, పైన ఇంకొక పొడి గిన్నె పెట్టాలి. పై గిన్నె అడుగు నీళ్ళకు తాకకూడదు. అందులో చాక్లెట్ వేసి, పొడి గరిటెతో నెమ్మదిగా కలపాలి. మూడు వంతులు కరగగానే దింపి, నెయ్యి వేసి కలిపితే మిగిలినది ఆ వేడికే కరుగుతుంది. నేరుగా మంట మీద పెడితే మాడిపోతుంది.

ఒక్క నీటిచుక్క కూడా పడనివ్వకండి. కోదాడ దగ్గర మేము అందరి ముందూ చేసి చూపిస్తుండగా, తడి గరిటె పెట్టడం వల్ల చాక్లెట్ అంతా ఒక్కసారిగా గరుకు ముద్ద అయిపోయింది. చాక్లెట్లోని చక్కెర రేణువులు ఆ కొద్దిపాటి తడిని పీల్చుకొని ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందరూ నవ్వినారు, మేమూ నవ్వినాము. అట్లా అయితే పారవేయవద్దు. కొద్దికొద్దిగా వేడినీళ్ళు పోస్తూ గట్టిగా కలిపితే జారుగా అవుతుంది. ముంచడానికి పనికిరాదు గాని, పండ్ల మీద పోసుకొని తినవచ్చు.

ఇక ముంచడం. ముక్కను టూత్‌పిక్‌కు గుచ్చి సగం దాకా ముంచి, పైకెత్తి, అదనపు చాక్లెట్ కారిపోయేదాకా ఆగి, పలుచగా నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పెట్టాలి. ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే గట్టిపడుతుంది. మన సూర్యాపేట ఎండలలో ఫ్రిజ్ లేకుండా ఇది కుదరదు. చాక్లెట్ సుమారు 34 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. ఫ్రిజ్ లేనివారు చలికాలంలో పొద్దున్నే చేసుకొని వెంటనే తినవలెను. ఫ్రిజ్‌లో పెట్టినవైనా ఆ రోజుకే తినేయడం మంచిది. కోసిన పండు నిలువ ఉండే వస్తువు కాదు.

మన పెరుగుతో ఒక మెరుగు

దీనికి మన పాడిని జోడించడం ఇట్లా. అర కిలో చిక్కటి గేదె పెరుగును పలుచని నూలుగుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టాలి. ఎండాకాలంలో బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. తెల్లవారికి గుడ్డలో వెన్నముద్దలాంటి పెరుగు మిగులుతుంది. అందులో రెండు చెంచాల చక్కెర, చిటికెడు యాలకుల పొడి కలపాలి. తేనె కలపవద్దు, నాజూకు కడుపులకు అదీ బరువే. రెండు అరటి చక్రాల మధ్య ఈ పెరుగు పెట్టి అదిమి, గంటసేపు డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వాలి. బయటకు తీసి, పైన చేరిన తడిని అద్ది, వెంటనే చాక్లెట్లో ముంచాలి. చల్లని ముక్కకు చాక్లెట్ చూస్తుండగానే పట్టుకుంటుంది.

కారిన తేటలో పాల చక్కెర ఉంటుంది గనుక పాలు పడనివారికి అది పోయవద్దు. పడేవారికి చపాతీ పిండిలో కలపండి, రొట్టెలు మెత్తగా వస్తాయి. మన ఇంట పాలచుక్క వృథా పోకూడదు గదా.

ఎంత తినాలి? ఎవరు తినకూడదు?

తేలికది అన్నంత మాత్రాన పళ్ళెం ఖాళీ చేయమని కాదు. మొదటిరోజు ఒకటి రెండు ముక్కలు చాలు, అదీ భోజనమైన తరువాత. మరునాటిదాకా ఇబ్బంది లేకపోతే మూడు నాలుగు తినవచ్చు. ఒకేసారి రెండు కొత్త పండ్లు పెట్టవద్దు. ఇబ్బంది వస్తే ఏది పడలేదో తెలియదు.

చాక్లెట్లో కొవ్వు ఎక్కువ, కాఫీలో ఉండే కెఫీన్ కూడా కొంత ఉంటుంది. పుల్లటి తేనుపులు, ఛాతీలో మంట ఉన్నవారికి ఇది మంటను పెంచవచ్చు. వారు రాత్రిపూట తినకపోవడం మేలు. చక్కెర జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తినవలెను. చిన్నపిల్లలకు ముక్కలు చిన్నవిగా కోసి, టూత్‌పిక్ తీసివేసి, దగ్గర కూర్చుండి తినిపించండి.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. పాలు అరగకపోవడం వేరు, పాలంటే ఒళ్ళు తిరగబడే అలర్జీ వేరు. పాలు తగలగానే దద్దుర్లు రావడం, పెదవులు వాయడం, ఆయాసం రావడం అలర్జీ గుర్తులు. అటువంటివారికి పెరుగు, నెయ్యి కూడా పెట్టరాదు. డార్క్ చాక్లెట్లో సైతం పాల జాడలు ఉండవచ్చు. వారికి ఈ తీపి బొత్తిగా వద్దు. అట్లాగే మలంలో రక్తం, బరువు తగ్గడం, విడవని జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలు ఉంటే అది పాల సంగతి కాదు. వంటింటి చిట్కాలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పిల్లలకు మీ అంతట మీరే నెలల తరబడి పాలు, పెరుగు అన్నీ మాన్పించవద్దు. ఎముకలకు కావలసిన సున్నం, ఒంటికి కావలసిన మాంసకృత్తులు తగ్గుతాయి. డాక్టరు సలహా తీసుకోండి.

చివరి మాట

ఈ తీపి వల్ల మన పాల ధర పెరగదు. సంఘానికి లాభమూ రాదు. మరి మేమెందుకు ఇంత చెప్పినామంటే, పాలు పోసే ఇంట్లోనే పాలు పడక ఒక మనిషి పంక్తి నుండి పక్కకు జరిగి కూర్చుంటున్నాడు. మన వ్యాపారం పాలు అమ్మడమే గాని, పడని కడుపుకు బలవంతంగా పోయడం కాదు. "పాలు తాగితేనే బలం" అని ఏడ్చే పిల్లవాని నోట గ్లాసు పెట్టవద్దు. వానికి పెరుగన్నం పెట్టండి, మజ్జిగ పోయండి. పండుగనాడు ఈ ముక్కలు చేసి, పడేవారికీ పడనివారికీ ఒకే పళ్ళెంలో పెట్టండి. "ఇది నీకు వేరే" అని అనకండి. అందరికీ అదే అనండి.

సూర్యాపేట వైపు అక్క మళ్ళీ కనిపించినప్పుడు అడిగినాము. "చేసిన సార్. మొదటిసారి చాక్లెట్ పట్టలే, తొనలు తడిగున్నయి. రెండోసారి మంచిగొచ్చినయి. చిన్నోడు రెండు తిన్నడు, ఏం కాలే. వాళ్ళ అక్క గూడ అదే పళ్ళెంల తిన్నది" అన్నది. మేము ఆశించినది ఆ ఒకే పళ్ళెమే.

మీ సంఘంలో ఇట్లా పాలు పడనివారు ఉంటే దాచుకోవద్దని వారికి చెప్పండి. వచ్చే సమావేశంలో ఎవరికి ఏ పండు పడిందో, ఏది పడలేదో మాకు తెలియజేయండి. మీ అనుభవం ఇంకో ఊరి తల్లికి పనికివస్తుంది.